పూజారి ముట్టని కొత్త సామలు

అక్టోబరులో నాలుగు రోజులు సెలవు పెట్టి నేను ఎక్కడికెళ్లానో చెబితే మా ఆస్పత్రిలో ఇప్పటికీ నవ్వుతారు. ఊటీకి కాదు, తిరుపతికీ కాదు. వైద్యం మధ్యలో చెప్పాపెట్టకుండా మాయమైన ఒక రోగిని వెతుక్కుంటూ ఖమ్మం దాటి అడవి అంచుకు వెళ్లాను. "పారిపోయిన పేషెంట్లందరి వెనకా మనం పరుగెత్తాలంటే ఆస్పత్రికి తాళం వేసుకోవాలమ్మా" అన్నారు మా చీఫ్. నాకు ఒళ్లు మండింది. సెలవు చీటీ ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఆ రోగి పేరు జోగయ్య. యాభై దాటిన కోయ మనిషి. చండ్రుగొండ అవతల అడవిలో ఆయన గూడెం. గొంతులో పుండుతో హైదరాబాదులో మా క్యాన్సర్ ఆస్పత్రికి వచ్చాడు. నేను రేడియేషన్ డాక్టర్ని. గొంతు ఒక్కటే చూసి, మెడ మీద గీతలు గీసి, కోబాల్టు మిషను కింద పడుకోబెట్టే ఏర్పాట్లన్నీ చేసేశాను. అన్నం దిగడం లేదు కదా అని ముక్కులోంచి గొట్టం వేయబోతే, అది గొంతు దాటింది గాని ఛాతీ దగ్గర ఆగిపోయింది. లోపలికి దుర్భిణి వేసి చూస్తే అన్నవాహికలో ఇంకో క్యాన్సరు! గొంతులోది పాకి వెళ్లింది కాదు, దానిపాటికి అది పుట్టింది. చుట్టపొగా, సారా ఒకే దారిన పోతాయి, ఆ దారిలో ఒకచోట పుండు కనబడితే మిగతా దారంతా వెతకాలని మేం చదువుకున్న పాఠాల్లోనే ఉంది. నేను వెతకలేదు. ఆ గొట్టం అడ్డుపడకపోయి ఉంటే గొంతు బాగుచేసి ఇంటికి పంపేదాన్ని, ఆయన అన్నవాహిక మూసుకుపోయి చచ్చిపోయేవాడు.

రెండు క్యాన్సర్లు ఒకేసారి ఉన్నవాళ్లకు వైద్యం చేయడం ఎంత కష్టమో నాకు జోగయ్య దగ్గరే తెలిసింది. కోసి తీయాలంటే మెడా, ఛాతీ, పొట్టా మూడూ తెరవాలి, ఆ బక్క మనిషి తట్టుకోలేడు. ముందు ఒకదాని సంగతి చూద్దామంటే రెండోది ఆగదు. చివరికి దవడ కింద నుంచి రొమ్ము నడుమ దాకా రెండు పుండ్లూ పడేలా ఒకే పొడుగాటి గీత గీసి, ఆరు వారాలు రేడియేషన్ ఇవ్వాలని నిర్ణయించాం. తిండి కోసం పొట్టకు చిన్న రంధ్రం పెట్టి గొట్టం వేశాం. మూడు వారాలు పొల్లుపోకుండా వచ్చాడు. నాలుగో సోమవారం బెంచీ ఖాళీగా ఉంది. రేడియేషన్ మధ్యలో ఆపితే సగం చచ్చిన పుండు మళ్లీ లేస్తుంది, ఈసారి ఇంకా మొండిగా. రెండు కార్డులు రాశాను. జవాబు లేదు. పన్నెండో రోజున రైలెక్కాను.

ఖమ్మం

రైల్లో నా ఎదురుగా ముదిగొండ మిరప రైతొకాయన కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండక చుట్ట వెలిగించాడు. నేను ఊరుకుంటానా? గొంతు, అన్నవాహిక, పొగ, సారా, మొత్తం పాఠం చెప్పేశాను. ఆయన చుట్ట ఆర్పకుండానే శ్రద్ధగా విన్నాడు.

"రెండు రోగాలు ఒక్కపాలే వస్తయా అమ్మా?" అన్నాడు.

"వస్తాయి."

"గట్లయితే ఒక్కటి వచ్చినోడు అదృష్టవంతుడన్నట్టు" అని, ఇంకో రెండు దమ్ములు లాగి, కిటికీలోంచి పారేశాడు. నా కోసమే పారేశాడో, అయిపోయిందో తెలియదు. దిగేటప్పుడు మాత్రం సంచిలోంచి గుప్పెడు ఎండుమిరపకాయలు తీసి నా కొంగులో పోశాడు. "మా చేన్లయి. హైదరాబాద్ల గిసొంటియి దొరకయ్" అన్నాడు. ఆ ఘాటుకు నేను ప్లాట్‌ఫారం మీద తుమ్ముతూనే నడిచాను.

ఖమ్మంలో టీ అర్ధ రూపాయి. హోటల్లో భోజనం నాలుగున్నర. మా గుంటూరు వైపు భోజనం మొదలు పప్పుతో పెడతాం, ఇక్కడ పచ్చిపులుసు గిన్నె ముందొచ్చింది. ఉల్లిపాయ ముక్కలు తేలే ఆ పులుసు నేను రెండుసార్లు అడిగి పోయించుకున్నాను. సర్వరు ముసలాయన మురిసిపోయి, "మీ ఆంధ్రోళ్లు దీన్ని చారు గాదంటరు, గాని రెండుసార్లు తాగుతరు" అని ఎగతాళి చేశాడు. లాడ్జీలో దోమలు నన్ను వదల్లేదు. అంతకు మించి ఖమ్మం గురించి చెప్పేదేం లేదు.

చండ్రుగొండ

మర్నాడు బస్సులో నా పక్కామె ఒళ్లో బుట్ట, బుట్టలో కోడిపుంజు. దారి పొడుగునా అది నా చీర కుచ్చిళ్లను గింజలనుకుని పొడుస్తూనే ఉంది. "ఏమనదమ్మా, మంచిదే" అంటుందామె. చండ్రుగొండలో దిగేసరికి కొత్త చీరకు ఆరు చిల్లులు!

అక్కడ మా బంధువుల పరిచయంతో సుబ్బారావు గారింట్లో దిగాను. ఆయన తండ్రి హయాంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నారు. ఇల్లూ, మాటా, గోంగూరా అన్నీ అటువైపువే. ముద్దపప్పు మీద నెయ్యి ధారగా పోయిస్తూ, నేను వచ్చిన పని విని తల అడ్డంగా ఊపారు.

"వాళ్లు రారండీ డాక్టరు గారూ. మీరేమన్నా అనుకోండి, అడివి మనుషులకు మందుల మీద గురి ఉండదు. పండగొచ్చిందంటే కూలికి కూడా రారు."

"మూడు వారాలు రోజూ వచ్చాడండీ ఆయన, ఒక్క పూట మానకుండా. మా గుమాస్తా కూడా అంత సరిగ్గా రాడు" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నానేమో, ఆయన నవ్వేసి గారెలు వేయించారు. మనిషి మంచివారే. మర్నాడు వాగు దాకా బండి కట్టించారు, కిరాయి ఇవ్వబోతే కోప్పడ్డారు.

నాకు తోడు వచ్చింది అక్కడి ప్రభుత్వ దవాఖానాలో హెల్త్ అసిస్టెంట్ వెంకటయ్య. నలభై అయిదేళ్ల మనిషి, మలేరియా మాత్రలు పంచుతూ ఆ అడవంతా తిరిగినవాడు, కోయ భాష ఇంట్లో మాటలా మాట్లాడతాడు. "జోగయ్య ఉన్నడు మేడమ్. బతికే ఉన్నడు. గాని అక్కడ సంగతి మంచిగ లేదు" అన్నాడు. ఏమిటయ్యా అంటే, చూస్తే మీకే తెలుస్తదన్నాడు. నాకు ఇలాంటి జవాబులంటే చిరాకు.

వాగు దాటాక

వాగులో నా కుడికాలి చెప్పు కొట్టుకుపోయింది. ఎడమది నేనే విసిరేశాను, ఒక్కటి పెట్టుకుని ఏం చేస్తాను? గూడెం చేరేసరికి కాళ్లు గీరుకుపోయి, ఎండకు తల తిరిగి, ఎవరి మీద అరవాలా అన్నంత కోపంలో ఉన్నాను.

పాతిక ఇళ్లు. ప్రతి ఇంటి చూరు కిందా వెదురు బుట్టలు నిండుగా ఉన్నాయి. మూతల మీద ఆకులు కప్పి, చుట్టూ మట్టి మెత్తి ఉంది. కొత్త సామలు, కొత్త జొన్నలు. ఆ బుట్టల కింద కూర్చుని పిల్లలు అడవి దుంపలు ఉడకబెట్టినవి తింటున్నారు. తినడం అంటే ఒక్కొక్కరికి ఒక ముక్క. చేతులు పుల్లల్లా ఉన్నాయి. ఒక తల్లి చంకలో బిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేక నోరు తెరిచి ఊరుకుంది. నాకు అర్థం కాలేదు. తల మీద నిండు బుట్ట, చేతిలో దుంప ముక్క! ఇదేం చోద్యం?

"పాత గింజలు అయిపోయి నెల దాటింది మేడమ్" అన్నాడు వెంకటయ్య. "కొత్తయి ముట్టొద్దు. ముందు పూజారి దేవతకు పెట్టి, తను ఒక ముద్ద తినాలె. తిని, మంచిగున్నది తినుండ్రి అని చెప్పాలె. గప్పుడే అందరు తింటరు. ఈ గూడెంల గట్లనే నడుస్తది."

"పూజారి ఎవరు?"

"జోగయ్యనే."

అక్కడే ఒక రోలు మీద కూర్చుండిపోయాను. ఆస్పత్రిలో మూడు వారాలు చూశాను ఆ మనిషిని. ఏం పని చేస్తావంటే వ్యవసాయం అన్నాడు, అదే రాసుకున్నాం. ఊరంతా తన నోటి కోసం కాచుకుని ఉంటుందని ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

మిగతాది వెంకటయ్య చెప్పాడు. కొత్తల పండుగ దగ్గర పడిందని లెక్క చూసుకుని జోగయ్య ఆదివారం నాడు బస్సెక్కేశాడు. ఒక్క ముద్ద తిని, ఊరికి తినమని చెప్పి, తిరిగి రావాలని అనుకున్నాడు. పండుగనాడు దేవత ముందు కొత్త సామల అన్నం నోట్లో పెట్టుకున్నాడు. మింగబోతే దగ్గు వచ్చి, అన్నం ముక్కులోంచి బయటపడింది. మనిషి నీలంగా తిరిగిపోయాడట. ఆ రోజుకు పండుగ ఆపేశారు. రెండు రోజులాగి మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ అంతే. మూడోసారి కూడా. ఆ తర్వాత ఊరు ఎదురు చూస్తూ కూర్చుంది. ఆయన ఊరిని వదిలి రాలేడు, ఊరు ఆయన్ని దాటి తినలేదు.

మా ఇంట్లో కొత్త బియ్యం వస్తే, జిగురుగా ఉంటాయి, కడుపు నొప్పి చేస్తాయని మా నాయనమ్మ మూలన పెట్టించేది. పాతబడేదాకా మేం ముట్టుకునేవాళ్లం కాదు. పనివాళ్లకు మాత్రం అవే కొలిచి ఇచ్చేవాళ్లం. ఆ సంగతి ఆ రోలు మీద కూర్చుని గుర్తొచ్చి సిగ్గేసింది.

జోగయ్య ఇంటి ముందు

ఆయన నన్ను చూసి లేవబోయాడు. మెడ మీద మా గీతల చోట చర్మం నల్లబడి పొలుసులు లేచింది. నోరు తెరిపించి టార్చి వేశాను. పూత పూసినట్టుంది. గొంతు ఇంకా బొంగురుపోయింది. కానీ పొట్ట దగ్గర గొట్టం చూసి ఆశ్చర్యపోయాను. చుట్టూ చీము లేదు, ఎరుపు లేదు. ఆయన భార్య భద్రమ్మ రోజూ వేడినీళ్లతో కడిగి, ఉడకబెట్టిన గుడ్డ కడుతోంది. మా వార్డులో నర్సులకు అన్నిసార్లు చెప్పినా అంత శుభ్రం రాదు. అప్పు తెచ్చిన పాత బియ్యం గంజి గుడ్డలో వడగట్టి, ఆ గొట్టంలోంచే పోసి ఆయన్ని బతికించింది.

ఆ గొట్టం చూడగానే నాకు ఉపాయం తట్టింది. ఎగిరి గంతేసినంత పని చేశాను. "ఇంత మాత్రానికా? కొత్త సామలు పల్చగా జావ కాచి గొట్టంలో పోయండి. పొట్టలోకి పోతే తిన్నట్టే కదా. పండుగ అయిపోతుంది, రేపు బస్సెక్కుదాం."

వెంకటయ్య చెప్పాడు. పెద్దలు నలుగురు వచ్చి కూర్చున్నారు. జోగయ్య తమ్ముడు ముత్తయ్య వాళ్లలో ఒకడు. చాలాసేపు వాళ్ల భాషలో మాట్లాడుకున్నారు. చివరికి ఒక ముసలాయన నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు.

"పొట్టల బోస్తే తిన్నట్టెట్లయితదమ్మా? గోతంల బోసినా గింజలు గింజలే ఉంటయ్. నోరు తినాలె. నోరు చెప్పాలె."

"అవ్" అన్నాడు జోగయ్య. ఆయనే అన్నాడు! నా వైపు చూడకుండా. "నేను దొంగతనంగ తిన్నట్టుంటది డాక్టరమ్మా. గది తిండి గాదు."

"పోనీ, నీ బదులు ముత్తయ్య తినకూడదా?"

ముత్తయ్య భయపడ్డట్టు చేతులు అడ్డంగా ఊపాడు. వెంకటయ్య వివరించాడు. పూజారి పోతేనే ఆ పని తమ్ముడికి వస్తుంది. అన్న బతికి ఉండగా తమ్ముడు ముందు తింటే, అన్న చచ్చిపోయాడని దేవత ముందు సాక్ష్యం చెప్పినట్టే. ఎవరు చెబుతారు అలా? చెప్పలేకనే ఇన్ని రోజులుగా పిల్లల చేత దుంపలు తినిపిస్తున్నారు.

ఇక్కడే నా నోరు నన్ను ముంచింది. కాళ్ల మంట, ఎండ, చంకలో నోరు తెరిచిన ఆ బిడ్డ, ఇక్కడ కూర్చుంటే మళ్లీ లేస్తున్న రెండు పుండ్లు. అన్నీ కలిసి తలకెక్కాయి. "అయితే చచ్చాడనుకోండి!" అని అరిచాను. "ఈయన చచ్చిపోయాడనుకుని, తమ్ముడి చేత తినిపించుకుని, ఈయన్ని నాతో పంపండి. ఇక్కడే ఉంటే ఎలాగూ చస్తాడు. పిల్లల కడుపులెందుకు మాడుస్తారు?"

వెంకటయ్య నా మొహంలోకి చూశాడు.

"చెప్పవయ్యా, చూస్తావేం?"

"మేడమ్, గది చెప్పొద్దు..."

"చెప్పమంటున్నానా?"

చెప్పాడు. ఎవరూ కోప్పడలేదు. అందుకే నాకు అనుమానం రాలేదు. పెద్దలు లేచి, మెల్లగా నడిచి, గుడి వైపు వెళ్లారు. భద్రమ్మ నాకు లేత వెదురు కొమ్ముల కూరా, రెండు దుంప ముక్కలూ ఆకులో పెట్టింది. అవి ఎవరి వాటాలోవో నాకు తెలుసు, తినలేకపోయాను. తినకపోతే ఆమె బాధపడుతుందని తిన్నాను.

డోలు

పొద్దున్నే డోళ్ల మోతకు లేచాను. నేను పడుకున్నది బడి వరండాలో. ఆ దెబ్బ పండుగ దెబ్బ కాదని వినగానే తెలిసింది. దాని వెనకే ఆడవాళ్ల ఏడుపు. వరండాలో మెట్ల మీద కూర్చుని వెంకటయ్య తల పట్టుకున్నాడు.

"ఎవరు పోయారు?"

"జోగయ్య" అన్నాడు.

ఉట్టి కాళ్లతో సంచీ పట్టుకుని పరుగెత్తాను. దగ్గు వచ్చి ఉంటుంది, ఊపిరి అందక పోయి ఉంటాడు, నిన్న గొంతులో వాపు చూసి కూడా నేనేం చేయలేదు, ఇలా ఏవేవో. గుంపును తోసుకుని లోపలికి వెళ్లాను.

జోగయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. కొత్త తెల్ల గుడ్డ కప్పారు. నుదుట పసుపు. ఆయన ఎదురుగా నేల మీద ఆయన తలపాగా, గొడ్డలి, పాత పంచె వరసగా పెట్టి, వాటి చుట్టూ చేరి ఆడవాళ్లు గుండెలు బాదుకుంటున్నారు. భద్రమ్మ ఏడుపు నటన కాదు. చుట్టపక్కాలు ఒక్కొక్కరే వచ్చి తలపాగా దగ్గర అడవి పూలూ, చిల్లరా పెట్టి, జోగయ్య మొహం చూడకుండా పక్కకు వెళుతున్నారు. ఆయన మాత్రం ఒక్కొక్కరినీ కళ్లారా చూస్తున్నాడు.

"ఏమిటిది? ఏం చేస్తున్నారు మీరు?" అని కేక పెట్టాను.

"నిన్న మీరే చెప్పిన్రు గద మేడమ్" అన్నాడు వెనక నుంచి వెంకటయ్య. "గిట్ల ఎన్నడు చెయ్యలేదట. తాతల కాలంల గూడ లేదట. ఉత్తగనే చచ్చిండనుకుంటే అబద్ధమయితది, దేవత ఒప్పదు. చావు చేసి పంపితే నిజమయితదని జోగయ్యనే అన్నడట. మిగిలినోళ్లు అస్సలు ఒప్పుకోలేదు. తెల్లారేదాక కొట్లాడి ఒప్పించిండు."

నేను ముత్తయ్య చేతులు పట్టుకున్నాను. కోపంలో అన్నాను, ఆపండని బతిమాలాను. ఆయన కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి గాని చేతులు వెనక్కి తీసుకున్నాడు. అంతలో మంచం మీద నుంచి జోగయ్య సైగ చేశాడు. దగ్గరికి వెళ్లాను.

"ఏడ్వకు డాక్టరమ్మా" అన్నాడు బొంగురు గొంతుతో. "మస్తుగ చేసిన్రు. నా చావు నేను చూసుకున్న. ఎవ్వలికి దొరుకుతది?"

నవ్వాడు కూడా. నాకు ఆయన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది.

తలపాగా, పంచె తీసుకెళ్లి కాల్చేశారు. వచ్చి స్నానాలు చేశారు. ముత్తయ్య గుడి ముందు కూర్చుని కొత్త సామల అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలలేకపోయాడు. రెండు చెంపలా నీళ్లు, నోటి నిండా అన్నం. చివరికి మింగి, "మంచిగున్నది, తినుండ్రి" అన్నాడు. ఇంటింటా బుట్టల మట్టి పగిలింది. పిల్లలు కాలే అన్నం ఊదుకోకుండా తిన్నారు. ఆ ముందు రోజు నోరు తెరిచి ఊరుకున్న బిడ్డకు తల్లి గంజి పట్టించి, గిన్నె పక్కకు తీస్తే బిడ్డ ఏడ్చింది. గట్టిగా ఏడ్చింది. నాకు సంతోషం వేసింది, ఆ సంతోషానికి నా మీద నాకే అసహ్యం వేసింది.

పోయిన పెద్దలకు తీసే వాటా ఒక ఆకులో తెచ్చి జోగయ్య ముందు పెట్టారు. ఆయన ఆ మెతుకులు వేళ్లతో తడిమి చూశాడు. తర్వాత భద్రమ్మతో అన్నాడు, "ఇగ జావ గాచి గొట్టంల పొయ్. నేనిప్పుడు పూజారిని గాదు."

తిరుగు బస్సు

వాగు దాకా ఎవరూ రాలేదు. గూడెం దాటుతుంటే గడపల్లో నిలబడి చూశారు, అంతే. పోయి రా అన్నవాళ్లు ఒక్కరు లేరు. అనకూడదు కదా. ముత్తయ్య మాత్రం చింతచెట్టు చాటు దాకా వచ్చి, అక్కడే వెనక్కి తిరిగి నిలబడ్డాడు, వీపు మాకు పెట్టి. జోగయ్య కూడా పిలవలేదు.

చండ్రుగొండలో పన్నెండు రూపాయలు పెట్టి రబ్బరు చెప్పులు కొనుక్కున్నాను. సుబ్బారావు గారు జోగయ్యను చూసి, "వచ్చాడే! మీ మాట విన్నాడన్నమాట" అని నన్ను మెచ్చుకున్నారు. విన్నాడండీ అన్నాను.

బస్సులో భద్రమ్మ ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గాజులు లేవు. ఆ పక్కనే మొగుడు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. ఒకామె జాలిగా, "మీ ఆయన పోయి ఎన్ని దినాలయింది అక్కా?" అని అడిగింది.

"ఇయ్యాల్నే" అంది భద్రమ్మ.

ఆమె గతుక్కుమని నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

వార్డు

ఆగిపోయిన రోజులకు లెక్క మళ్లీ వేసి, మరికొన్ని రోజులు కలిపి రేడియేషన్ పూర్తి చేశాం. మా చీఫ్ పారిపోయిన పేషెంటు గురించి ఇంకో జోకు వేశారు, నేను నవ్వలేదు. నోరు పుండ్లు పడి, మెడ తోలు ఊడి, ఒక దశలో జోగయ్య మళ్లీ పారిపోతాడేమో అనుకున్నాను. పోలేదు. ఎక్కడికి పోతాడు? రెండు నెలల తర్వాత తెల్లమందు తాగించి ఎక్స్‌రే తీస్తే, గొంతు దగ్గర దారి తెరుచుకుంది, ఛాతీ దగ్గర కూడా తెరుచుకుంది. ఎన్నాళ్లు అలా ఉంటుందో నేను చెప్పలేను. గొట్టం ఇంకా తీయలేదు. కానీ ఆ రోజు ఆయన గ్లాసుడు జావ నోటితో తాగాడు, ముక్కులోంచి ఒక్క చుక్క రాలేదు. వార్డులో అందరికీ నేనే కాఫీలు ఇప్పించాను.

"జోగయ్యా, ఇక ఇంటికి వెళ్లొచ్చు" అన్నాను.

ఆయన భద్రమ్మ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"వాళ్లిప్పుడు తింటున్నరు గద డాక్టరమ్మా. చిక్కుళ్ల కొత్త పండుగ గూడ అయ్యుంటది. నేను బతికున్ననని గూడెంల అడుగువెడితే, నా తమ్ముడు పెట్టిన కొత్తలన్నీ తప్పయితయ్. మల్ల ఆపాల్నా వాళ్లు?"

"అది నేను కోపంలో అన్న మాట జోగయ్యా. వైద్యం కాదు. నేను వచ్చి చెబుతాను వాళ్లకు."

"నాకెరికే, కోపంల అన్నవని" అన్నాడు. "గాని పిల్లలు తిన్నరు."

కారేపల్లి దగ్గర తన చెల్లెలు ఉంది, అక్కడ ఒక గుడిసె వేసుకుంటామని భద్రమ్మ చెప్పింది. నెల నెలా చూపించుకోవడానికి కార్డు రాయాలి, ఊరు సరిగ్గా ఉండాలి. కేసు షీటు తెప్పించాను. మొదటి రోజున నా చేత్తో నేనే రాసిన గూడెం పేరు మీద గీత కొట్టి, పక్కన కారేపల్లి అని రాశాను.